కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

కమ్మరి కొలిమి లేని పల్లె పూర్వము తెలుగునాట అరుదు. నల్లగొండ, మహబూబునగరము మెట్టభూములలో నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి, బండి పట్టా అన్నియు ఆ కొలిమిలోనే రూపు దాల్చినవి. నాగార్జునసాగరము నిండక పూర్వము కృష్ణ ఒడ్డున ఏలేశ్వరములో జరిపిన త్రవ్వకములలో మహాశిలా సమాధుల నుండి ఇనుప వస్తువులు బయల్పడినవి. ఇనుముతో ఈ నేలకు గల పరిచయము అంత ప్రాచీనమైనది. కాని కాచిన ఇనుము సమ్మెట దెబ్బకు పగులక ఎందుకు సాగును? కర్రు ఒక కొన నిప్పులో నుండగా రెండవ కొన ఎందుకు కాలును? నూరిన అంచు ఎందుకు తళుక్కుమనును? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము 20వ శతాబ్దములోగాని లభించలేదు. దానికి దారి చేసిన మహనీయులలో ఒక కమ్మరి కుమారుడు ఉన్నాడు. ఆయనయే మైకేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరపు అంచున జన్మించినాడు. తండ్రి జేమ్సు ఉత్తర ఇంగ్లండు నుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన కమ్మరి. ఆయన తరచు జబ్బుపడుటచే ఇంట పేదరికము వీడలేదు. పిల్లవాని బడిచదువు చదువను, వ్రాయను, కొద్దిపాటి లెక్కలు చేయను నేర్చుటతో ముగిసినది. 14వ యేట రీబో అను పుస్తక వర్తకుని వద్ద బైండింగు పనికి కుదిరి ఏడేండ్లు గడిపినాడు. అట్టకట్టుటకు వచ్చిన గ్రంథములే ఆయనకు గురువులైనవి. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములు నాలుగు విని, వ్రాసుకొన్నదానిని చక్కగా విస్తరించి, తన చేతులతోనే బైండు చేసి డేవీకి పంపినాడు. మరుసటి సంవత్సరము మార్చి నెలలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుని ఉద్యోగము దొరికినది.

ఆ రోజులలో జేమ్సు స్టోడార్టు అను కత్తుల తయారీదారు భారతదేశపు ఉక్కును ఎంతో మెచ్చుకొనెడివాడు. ఐరోపావారు దానిని వూట్జ్ అనిరి. మన ఉక్కు అను మాటయే అట్లు మారినదని పలువురు పండితుల అభిప్రాయము. తెలంగాణములో గోదావరి వైపునున్న కోనసముద్రము ఇట్టి ఉక్కుకు పేరొందినది. పారసీక వర్తకులు అంత దూరము నుండి వచ్చి కొనిపోయెడివారు. మెత్తని ఇనుమును మట్టి మూసలో నుంచి, మూతి మూసి, గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చుట దాని తయారీ పద్ధతి. ఈ వృత్తి తండ్రి నుండి కొడుకు కంటితో, చేతితో నేర్చుకొన్నదే గాని గ్రంథములకెక్కినది కాదు.

ఫారడే స్టోడార్టుతో కలిసి ఈ ఉక్కు మర్మమును ఛేదింప బూనుకొన్నాడు. 1819లో ప్రకటించిన పరిశోధనలో, అల్యూమినియము స్వల్పముగా చేరుటయే దాని గొప్పతనమునకు కారణమని నిర్ణయించినాడు. ఆ నిర్ణయము నిలువలేదు. అసలు కారణము ఆ ఉక్కులో సుమారు 1.5 శాతముండు కర్బనమని, దానిని కాచి చల్లార్చు తీరని తరువాత తేలినది. అయినను ఆ ప్రయత్నము వ్యర్థము కాలేదు. ప్లాటినము, వెండి, రోడియము, నికెలు మున్నగు లోహములను ఉక్కులో కలిపి వారిరువురు ఎన్నో మిశ్రమములను పరీక్షించినారు. 1823లో స్టోడార్టు మరణించగా ఆ కృషి త్వరలోనే ఆగిపోయినది. ఫారడే దాచిన నమూనాలను శతాబ్దము గడచిన పిమ్మట రాబర్టు హాడ్‌ఫీల్డు విశ్లేషించి 1931లో గ్రంథము వెలువరించగా, మిశ్రమపు ఉక్కుల పరిశోధనకు ఆద్యులలో ఫారడే ఒకడని లోకమునకు స్పష్టమైనది.

పిమ్మట ఫారడే దృష్టి విద్యుత్తుపై నిలిచినది. 1831 ఆగస్టు 29వ తేదీన, ఇనుప వలయముపై చుట్టిన తీగచుట్టలతో, మారుచున్న అయస్కాంత ప్రభావము విద్యుత్తును పుట్టించునని కనుగొన్నాడు. 1833లో సిల్వర్ సల్ఫైడు కాచినకొలది విద్యుత్తును ఎక్కువగా ప్రసరింపజేయుట గమనించినాడు. లోహముల స్వభావము దీనికి విరుద్ధము. వేడి పెరిగినకొలది వాటి వాహకత్వము తగ్గును. 1857లో ప్రకటించిన వ్యాసములో బంగారమునకు, వెలుతురుకు గల సంబంధమును పరిశీలించినాడు. అతి పలుచని బంగారు రేకు గుండా వచ్చు కాంతి ఆకుపచ్చగా కనబడును. లోహము, విద్యుత్తు, కాంతి అను మూడింటిని ముడివేయు సూత్రమేదో ఉన్నదని ఇవన్నియు సూచించినవి. ఆ సూత్రము ఆయన జీవితకాలములో చేతికి చిక్కలేదు.

ఫారడే ప్రారంభించిన శుక్రవారపు సాయంకాల ఉపన్యాసములు ఆయన అనంతరము కూడ సాగినవి. 1897 ఏప్రిల్ 30వ తేదీన అట్టి ఒక సభలోనే జె. జె. థామ్సన్ పరమాణువు కంటె సూక్ష్మమైన ఋణావేశ కణమును గూర్చి ప్రకటించినాడు. అదియే ఎలక్ట్రాను. 1900లో జర్మనీ దేశీయుడు పాల్ డ్రూడే లోహములలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా సంచరించునని ప్రతిపాదించగా, ఆ సిద్ధాంతములోని లోపములను ఆర్నాల్డు సోమర్‌ఫెల్డు క్వాంటము సూత్రములతో 1920 దశకపు చివర సవరించినాడు.

లోహములో ప్రతి పరమాణువు తన వెలుపలి ఎలక్ట్రాన్లను ఊరుమ్మడి చెరువు వలె అందరికి విడిచిపెట్టును. మిగిలిన ధనావేశ అయాన్లు వరుసలు తీరి నిలుచును. ఉమ్మడి ఎలక్ట్రాన్లకు, అయాన్లకు నడుమనున్న ఆకర్షణయే లోహబంధము. ఆ ఎలక్ట్రాన్లు కదలుటచే విద్యుత్తు పారును, వేడి ఒక కొన నుండి మరొక కొనకు త్వరగా చేరును. లోహము కాగినపుడు అయాన్లు అధికముగా కంపించి ఎలక్ట్రాన్లకు అడ్డు తగులును. వాహకత్వము తగ్గుట అందువలననే. వెలుతురు పడినపుడు అవే దానిని తిప్పికొట్టుటచే లోహము మెరయును. సమ్మెట దెబ్బకు అయాన్ల వరుసలు జరిగినను ఎలక్ట్రాన్లు వాటిని పట్టియే ఉంచును. కనుక లోహము రేకులుగా, తీగలుగా సాగును. ఉప్పు రవ్వ అట్లు కాదు. వరుస జరిగినచో సమాన ఆవేశములు ఎదురుబడి, అది పగిలిపోవును. బంధము బలహీనమైన సోడియము 98 డిగ్రీల సెంటిగ్రేడుకే కరగగా, బలమైన బంధము గల ఇనుమునకు 1538 డిగ్రీలు కావలెను. ఇక కర్బనము కొంత ఇనుప అయాన్ల సందులలో ఇమిడి, కొంత ఇనుముతో కూడి కఠిన పదార్థమై, వరుసలు జరుగకుండ అడ్డుపడును. ఉక్కు గట్టిదనము అందులోనిదే.

ఫారడే సర్ బిరుదమును నిరాకరించినాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని కూడ వలదన్నాడు. పిల్లల కొరకు క్రిస్మసు ఉపన్యాసములు చేయుట మాత్రము ఆయనకు ఎంతో ఇష్టము. 1867 ఆగస్టు 25వ తేదీన కన్నుమూసినాడు. ఆ శతాబ్దములోనే విదేశపు చౌక ఇనుము ధాటికి మన ఉక్కు మూసలు క్రమముగా చల్లారినవి. చేతికి తెలిసిన విద్యకు హేతువు తెలియు వేళకు ఆ చేతులే పని మానినవి.

నేడు నల్లగొండ జిల్లా సరిహద్దున నాగార్జునసాగరము వద్ద కృష్ణాజలము చక్రములను త్రిప్పగా, అయస్కాంతముల నడుమ రాగి చుట్టలలో ఎలక్ట్రాన్లు కదలుచున్నవి. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే అచ్చట పనిచేయుచున్నది. పాఠశాలలో లోహబంధమును చదువు విద్యార్థి ఒకసారి ఊరి కొలిమి వద్ద నిలిచి చూచినచో, ఆ పాఠములోని ప్రతి వాక్యము దాగలి మీద అతనికి కనిపించును.