రాజులను పక్కన పెట్టి మనిషిని వెతికిన సురవరం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఈ మూడు జిల్లాల్లో పాత చరిత్ర ఏంటని ఎవరిని అడిగినా ముందు సంస్థానాల పేర్లే చెబుతారు. గద్వాల కోట, వనపర్తి రాజావారి ప్యాలెస్, కొల్లాపూర్‌లో జటప్రోలు రాజుల బంగళా. మరి ఆ గోడల బయట బతికిన జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, దేనికి భయపడ్డారు అని అడిగితే జవాబు తొందరగా రాదు. ఆ జవాబు కోసమే ఏళ్ల తరబడి వెతికిన ఒక పెద్దమనిషి ఈ గడ్డ మీదే పుట్టారు. ఆయనే సురవరం ప్రతాపరెడ్డి.

1896 మే 28న బోరవెల్లిలో ఆయన పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. రెండూ ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలోనే ఉన్నాయి. కర్నూలులో చదువుకున్నారు, మద్రాసులో బి.ఏ. చేశారు, ఆ తర్వాత లా చదివారు. కొన్నాళ్లు వకీలుగా పనిచేసి, హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసుకున్నారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు.

అప్పట్లో నిజాం రాజ్యంలో దఫ్తరు భాష ఉర్దూ. ఉస్మానియా యూనివర్సిటీలో చదువు కూడా ఉర్దూలోనే. రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగే అయినా బడిలో, కచేరీలో దానికి చోటు తక్కువ. ప్రతాపరెడ్డికి ఉర్దూ వచ్చు, ఫారసీ వచ్చు. అవి తెలిసిన మనిషే తెలుగు కోసం నిలబడ్డారు. ఒక భాష నేర్చుకోవడానికి ఇంకో భాషను చిన్నచూపు చూడాల్సిన పనిలేదని ఆయన జీవితమే చెబుతుంది. అమ్మ భాషకు బడిలో చోటు దొరకకపోతే ఎట్లుంటదో ఈ రోజు ఉర్దూ మీడియం పిల్లల తల్లిదండ్రులకు బాగా తెలుసు.

తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి ఆ రోజుల్లో అచ్చులో వచ్చింది. దానికి ఆయన కోపంతో జవాబు ఇవ్వలేదు, లెక్క తీసి చూపించారు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. వాదన చేసేటప్పుడు ముందు రుజువు కావాలన్నది ఆయన పద్ధతి.

ఇదే పద్ధతి 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇంకా పెద్దగా కనిపిస్తుంది. రాజుల యుద్ధాలు, వంశాల పేర్లు అందులో వెనక్కి పోయాయి. తిండి, బట్టలు, నగలు, వ్యవసాయం, వ్యాపారం, ఆటలు, పండుగలు, మూఢనమ్మకాలు ముందుకొచ్చాయి. మనిషి అంటే ఏంటి అన్న ప్రశ్నకు సైన్స్ శరీరాన్ని చూసి జవాబు చెబుతుంది, తత్వం ఆలోచనను చూసి చెబుతుంది. ప్రతాపరెడ్డి రోజువారీ బతుకును చూశారు.

ఈ దారి ప్రపంచానికి కొత్తేం కాదు. చరిత్ర అంటే మనుషులు కలిసి బతికే తీరు, వాళ్ల జీవనోపాధి అని, విన్న ప్రతి కబురునూ బుద్ధితో తూచి చూడాలని ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే తన ముఖద్దిమాలో రాశారు. ఫ్రాన్స్‌లో మార్క్ బ్లాక్, లూసియాన్ ఫెవ్ర్ 1929లో ఇలాంటి ఆలోచనతోనే ఒక పత్రిక పెట్టారు. తెలుగులో ఆ పనిని పెద్ద ఎత్తున చేసింది పాలమూరు మనిషి.

అయితే మామూలు జనం గురించి రికార్డులు ఎక్కడున్నాయి? శాసనాల్లో ఎక్కువగా ఉండేది రాజుల దానాలే. అందుకే ఆయన కావ్యాలను సాక్షులుగా పిలిచారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు దొరికే భోజనం వివరం ఉంది. పద్యం చదివేవాళ్లకు అది రుచి. ఆయనకు మాత్రం అది ధర, వంట, ఊరి బతుకు తెలిపే ఆధారం. పాత ఆటల పేర్లకు నిఘంటువులు అదొక ఆట అని రాసి వదిలేస్తే, ఆ ఆట ఎట్లా ఆడేవాళ్లో తెలుసుకోవడానికి ఆయన కష్టపడ్డారు. హిందువుల పండుగల మీద పుస్తకం రాసిన మనిషే, రామాయణాన్ని కూడా పరిశోధకుడి కళ్లతో చదివి రామాయణ విశేషాలు రాశారు. శ్రద్ధ ఉన్నచోట ప్రశ్న ఉండకూడదని ఆయన అనుకోలేదు.

ఈ పనికి ఒక హద్దు కూడా ఉంది. కావ్యాలు రాసినవాళ్లలో చాలామంది చదువుకున్న పై కులాల మగవాళ్లు. కాబట్టి ఆడవాళ్లు, దళితులు, ముస్లింలు అందులో ఎక్కువగా ఇతరుల చూపులోనే కనిపిస్తారు. వాళ్ల సొంత మాట తక్కువ. ఇది ప్రతాపరెడ్డి శ్రమను తగ్గించే మాట కాదు, ఆయన తర్వాత మిగిలిన పని ఏంటో చెప్పే మాట.

1952 ఎన్నికల్లో ఆయన వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. ఏడాదికే, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి అవార్డు ఆంధ్రుల సాంఘిక చరిత్రకే దక్కింది. అది అందుకోవడానికి ఆయన లేరు. ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

పేరు బోర్డు మీదికి ఎక్కింది, మంచిదే. కానీ ఆయన వెతికిన సాక్ష్యాలు మన ఇళ్లలోనే రోజూ పోతున్నాయి. గద్వాల నేత కార్మికుడి ఇంట్లో మగ్గం మాటలు, దూదేకుల వాళ్ల పని పాటలు, ఊళ్లో పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి చేసే ఏర్పాట్లు, నాన్నమ్మ చేతి వంటల పేర్లు. వీటిని ఏ రాజూ శాసనంలో చెక్కించలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఒక నోట్‌బుక్ తీసుకుని పక్కన కూర్చుంటే, ప్రతాపరెడ్డి వదిలిన పని అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది.