బ్రాంచ్ రికీ: ఒక కళాశాల శిక్షకుని జీవితం

క్రీడారంగంలో గెలిచినవారి పేర్లు మనకు సులభంగా గుర్తుంటాయి. వారిని తీర్చిదిద్దిన శిక్షకుల పేర్లు మాత్రం త్వరగా మరుగున పడిపోతాయి. అమెరికా బేస్‌బాల్ చరిత్రలో బ్రాంచ్ రికీ ఆటగాడుగా సాధించినది స్వల్పమే. అయినా ఆయన తీసుకున్న ఒక నిర్ణయం ఆ దేశపు క్రీడాచరిత్రనే మలుపు త్రిప్పింది. ఆ నిర్ణయానికి బీజం ఒక కళాశాల జట్టులో పడినది గనుక, ఆ వృత్తాంతాన్ని మన విద్యార్థుల ముందుంచుతున్నాము.

రికీ 1881 డిసెంబరు 20వ తేదీన ఒహాయో రాష్ట్రంలో, దైవభక్తి గల ఒక మెథడిస్టు కుటుంబంలో జన్మించారు. కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, ఒహాయో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చేరారు. సొమ్ము తీసుకొని ఆడినందువల్ల కళాశాల జట్టులో ఆడే అర్హతను కోల్పోయారు. అయితే ఆ జట్టుకే శిక్షకులైనారు. వేసవిలో చిన్న లీగులలో ఆడేవారు. 1904లో సిన్సినాటి జట్టు పిలిచినప్పటికీ, ఆదివారం ఆడనన్న నియమాన్ని విడువనందున అక్కడ నిలువలేకపోయారు. తదుపరి మరి రెండు పెద్ద జట్లలో ఆడినా, భుజానికి దెబ్బ తగిలి ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చింది.

ఒహాయో వెస్లియన్ జట్టులో చార్లెస్ థామస్ అనే నల్లజాతి విద్యార్థి ఉండేవాడు. జట్టు ఇండియానాలోని సౌత్ బెండ్ పట్టణానికి వెళ్ళినప్పుడు, హోటలువారు అతనికి గది ఇవ్వ నిరాకరించారు. రికీ పట్టుబట్టి అతనిని తన గదిలోనే ఉంచుకున్నారు. ఆ రాత్రి థామస్ తన చేతుల నలుపును తుడిచివేయగలిగితే బాగుండునన్నట్లు వాటిని రుద్దుకుంటూ విలపించాడట. ఈ దృశ్యాన్ని రికీ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు. థామస్ మాత్రం క్రుంగిపోక చదువు సాగించి దంతవైద్యుడైనాడు.

క్షయవ్యాధి నుండి కోలుకున్న రికీ, మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతూనే అక్కడి జట్టుకు శిక్షణ నిచ్చారు. అనంతరం సెయింట్ లూయీ కార్డినల్స్ నిర్వాహకులై, చిన్న జట్లను సమకూర్చుకొని యువకులను క్రమంగా పైకి తెచ్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఆనాటి పెద్ద లీగులలో నల్లవారికి చోటు లేదు. అట్టి నిషేధం ఏ చట్టంలోనూ వ్రాసి లేదు. యజమానుల మౌనమే దానిని నిలిపింది. బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతిగా రికీ 1945లో జాకీ రాబిన్సన్‌ను ఎంపిక చేశారు. రాబిన్సన్ 1946లో మాంట్రియల్ చిన్న జట్టులో ఆడి, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ తరఫున బరిలో దిగారు. దూషణలను సహించి, 1949లో తన లీగులో అత్యుత్తమ క్రీడాకారునిగా ఎన్నికైనారు.

రికీ విజయాన్నీ ఆదాయాన్నీ కూడ కోరారన్నది నిజమే. రాబిన్సన్ అంతకుముందు ఆడిన నల్లవారి జట్టుకు ఆయన పరిహారం చెల్లించలేదన్న విమర్శ కూడ ఉన్నది. ఈ లోపాలను మేము దాచదలచలేదు. కాని తక్కిన యజమానులకూ లాభాపేక్ష ఉండెను. వారెవ్వరూ ఆ తలుపు తెరువలేదు.

1965 డిసెంబరు 9న రికీ కన్నుమూశారు. ఒక విద్యార్థికి జరిగిన అవమానాన్ని ఆయన నలుబది సంవత్సరాలు మరువలేదు. అధికారం చేతికి వచ్చిననాడు దానికి సమాధానం చెప్పారు. కళాశాల జట్టును ఎన్నుకొనే పెద్దలును, అందులో ఆడే విద్యార్థులును గ్రహించవలసినది ఇదియే: ఆటస్థలంలో ప్రతిభకు తప్ప మరి దేనికిని ప్రవేశపత్రం అక్కరలేదు.