స్ఫూర్తి జీవితాలు: పండు రుచిని కూడా రాసిపెట్టిన మరియా మెరియన్



మనం పిల్లల టిఫిన్ బాక్సులో పెట్టే జామ, బొప్పాయి, అనాస ముక్కలు మనకు ఎంత సొంతమైనవంటే, అవి పరాయి నేలవని గుర్తే ఉండదు. వీటి పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణమండలం. జీడిమామిడిదీ అదే. పోర్చుగీసు ఓడల్లో ఇవి మన తీరానికి చేరాయి. అనాస అనే పేరు కూడా దక్షిణ అమెరికా ఆదివాసుల మాట నుంచి వచ్చిందే. ఈ పండ్లను వాటి సొంత గడ్డ మీద చూసి, తిని, బొమ్మ గీసి, రుచి ఎలా ఉందో రాసిన ఒక తల్లి కథ ఈ నెల మీ కోసం.

పట్టుపురుగులతో మొదలు

మరియా సిబిల్లా మెరియన్ 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. తండ్రి మథాయస్ మెరియన్ పేరున్న చిత్రకారుడు, పుస్తక ప్రచురణకర్త. ఆమెకు మూడేళ్ల వయసులోనే ఆయన చనిపోయారు. తల్లిని మళ్లీ పెళ్లి చేసుకున్న యాకోబ్ మారెల్ పూల చిత్రకారుడు. బొమ్మలు గీయడం మరియాకు నేర్పింది ఆయనే.

పదమూడో ఏట ఆమె పట్టుపురుగులను గమనించడం మొదలుపెట్టారు. అవి ఏ ఆకు తింటాయి, ఎప్పుడు గూడు కడతాయి, గూటిలోంచి ఏది బయటికి వస్తుంది అని రోజూ చూసి రాసుకునేవారు. పురుగులు బురదలోంచి, కుళ్లిన పదార్థంలోంచి వాటంతట అవే పుడతాయని చాలామంది నమ్మిన కాలమది. మరియా మాత్రం పుస్తకంలో ఏముందో కాక, కళ్ల ముందు ఏం జరుగుతోందో చూశారు.

పెళ్లయింది, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. అమ్మాయిలకు చిత్రలేఖనం, ఎంబ్రాయిడరీ నేర్పేవారు. ఇంటి పని, పాఠాల మధ్యే గొంగళిపురుగులనూ పెంచారు. 1679లో వాటి మీద తన మొదటి పుస్తకం తెచ్చారు. తర్వాత భర్తతో విడిపోయి, 1691లో కూతుళ్లతో ఆమ్‌స్టర్‌డామ్ చేరారు.

52 ఏళ్ల వయసులో సముద్రప్రయాణం

దూరదేశాల సీతాకోకచిలుకలు ఆమ్‌స్టర్‌డామ్ ధనికుల ఇళ్లలో అద్దాల పెట్టెల్లో ఉండేవి. వాటిని చూసిన మరియాకు తృప్తి కలగలేదు. అవి ఏ ఆకు తిని పెరిగాయి, ఎలా మారాయి అన్నది ఆ పెట్టెలు చెప్పవు కదా! అది తెలియాలంటే వెళ్లి చూడాల్సిందే. తన చిత్రాలు అమ్మి డబ్బు కూడగట్టుకున్నారు. తిరిగి వస్తానో రానో అని వీలునామా రాశారు. 1699లో చిన్న కూతురు డొరొతియాతో కలిసి ఓడ ఎక్కారు. అప్పటికి తల్లికి 52 ఏళ్లు, కూతురికి 21.

వారు చేరింది సురినామ్. దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో ఉన్నా, నేటికీ కరీబియన్ దేశాల కూటమిలో సభ్యదేశం. అప్పట్లో అది డచ్చివారి వలస. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చెరకు పండించి, చక్కెర అమ్ముకోవడమే అక్కడి యజమానుల లోకం. చక్కెర తప్ప మరేదో వెతుకుతున్న ఈ పెద్దావిడను చూసి వాళ్లు నవ్వుకున్నారు. ఆమె పట్టించుకోలేదు.

రుచికి మాటలు వెతకడం

ఆమె వెళ్లింది పురుగుల కోసం. కానీ ఏ పురుగు ఏ మొక్క మీద బతుకుతుందో చెప్పాలంటే ఆ మొక్కా తెలియాలి. అలా పండ్లు ఆమె పుస్తకంలోకి వచ్చాయి. అరటి, బొప్పాయి, జామ, జీడిమామిడి, లక్ష్మణఫలం, ప్యాషన్ ఫ్రూట్ అన్నిటినీ గీశారు. మొదటి రెండు బొమ్మలు మాత్రం అనాసవి. ఒకదానిలో లేత అనాస, దాని మీద బొద్దింకలు. రెండోదానిలో పండిన అనాస, దాని చుట్టూ సీతాకోకచిలుకలు.

యూరప్‌లో చాలామంది అనాసను కంటితో కూడా చూడని రోజులవి. తినని వారికి రుచి ఎలా చెప్పాలి? ద్రాక్ష, ఆప్రికాట్, ఎర్ర కరెంట్, ఆపిల్, పియర్ అన్నీ కలిపి ఒకేసారి నోట్లో పెట్టుకున్నట్టు ఉంటుందని రాశారు. కోస్తే గదంతా ఆ వాసనేనని చెప్పారు. తియ్యగా ఉంది, బాగుంది అని ఊరుకోకుండా, చదివేవారికి తెలిసిన పండ్లతో తెలియని పండును పరిచయం చేశారు.

ఏది తినవచ్చు, ఏది తినకూడదు అన్నది ఆమెకు నేర్పింది అక్కడి ఆదివాసులు, ఆఫ్రికన్ బానిసలు. కర్రపెండలం దుంప పచ్చి రసం ప్రాణం తీస్తుందని, దాన్ని తురిమి, పిండి, కాల్చి రొట్టె చేసుకుంటారని వారి వల్లే ఆమె పుస్తకంలోకి ఎక్కింది. మన సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసేది ఈ దుంప జాతి నుంచే. అడవిలో ఆమెకు దారి కొట్టింది కూడా బానిసలే. వారిని డచ్చివారు హీనంగా చూస్తున్నారని ఆమె రాశారు, కానీ వారి చాకిరీ మీద ఆధారపడ్డారు కూడా. వారి పేర్లు ఆ పుస్తకంలో లేవు. ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ముక్క దాచవద్దు.

నమ్మని లోకం

జ్వరాలతో ఆరోగ్యం చెడి, 1701లో ఆమె తిరుగు ప్రయాణం కట్టారు. ఎండబెట్టిన పురుగులు, నోట్సు, బొమ్మలు వెంట తెచ్చుకున్నారు. 1705లో 60 చిత్రాలతో, డచ్, లాటిన్ భాషల్లో సొంత ఖర్చుతో పుస్తకం వేశారు. ఆమె బొమ్మలు ఆధారంగా లిన్నేయస్ ఎన్నో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టారు.

ఒక బొమ్మలో జామకొమ్మ మీద పెద్ద సాలీడు చిన్న పిట్టను తింటూ ఉంటుంది. ఆమె పోయిన వందేళ్లకు కొందరు శాస్త్రవేత్తలు అది కట్టుకథ అని కొట్టిపారేశారు. తర్వాత అమెజాన్ అడవుల్లో తిరిగిన హెన్రీ బేట్స్ అలాంటి సాలీడు పిట్టను పట్టడం కళ్లారా చూసి 1863లో రాశారు. ఆమె నోట్సులో పొరపాట్లు లేకపోలేదు. కానీ అది మాత్రం నిజమేనని తేలింది.

మరియా 1717 జనవరిలో చనిపోయారు. పెద్దగా ఆస్తి మిగల్లేదు. మిగిలింది చూసే అలవాటు. తల్లి గొంగళిపురుగుల పుస్తకం మూడో భాగాన్ని డొరొతియా ఆ ఏడాదే బయటికి తెచ్చారు.

ఈ నెల ఇంట్లో

పిల్లలు చీమల బారు దగ్గరో, పండులో పురుగు దగ్గరో ఆగిపోతే, అది పరీక్షలో వస్తుందా అని మనం అడిగేస్తాం. పదమూడేళ్ల మరియా పట్టుపురుగులు కూడా ఏ పరీక్షలోనూ రానివే. ఈసారి ఇలా చేసి చూడండి.

• ఒక పండు కోసి, దాని రుచిని మూడు వాక్యాల్లో రాయమనండి. తియ్యగా, పుల్లగా, బాగుంది అనే మాటలు వాడకూడదు. ఆ పండును ఎప్పుడూ తినని స్నేహితుడికి చెబుతున్నట్టు రాయాలి.

• గింజలు, తొక్క, అడ్డకోత కనబడేలా బొమ్మ గీయమనండి. మార్కులు వేయకండి.

• పండ్లు అమ్మే వారినో, ఊళ్లోని తాతయ్య, అమ్మమ్మలనో ఆ పండు గురించి ఒక ప్రశ్న అడగమనండి. చెప్పినవారి పేరు కూడా పక్కనే రాయించండి.

తెలియని కాయను మాత్రం పెద్దలను అడగకుండా నోట్లో పెట్టుకోవద్దని ముందే చెప్పండి. మరియా కూడా తెలిసినవారిని అడిగే తెలుసుకున్నారు.