నోరులేనివారి పక్షమున నిలిచిన దుర్గాబాయమ్మ



తెలుగునాట పుట్టి, దేశమంతటికి మేలుచేసి, 1981 వ సంవత్సరములో గతించిన యొక సోదరి జీవితమును గూర్చి ఈ నెల ఆలోచింతము. ఆమె శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె క్రైస్తవురాలు కాదు. అయినను, న్యాయాధిపతి యొద్దకు మాటిమాటికి వెళ్లి తన న్యాయమును అడిగిన విధవరాలి కథ ఎరిగిన మనకు, ఆమె యొద్ద నేర్చుకొనవలసినది చాల యున్నది.

ఆమె సంగతి చెప్పకమునుపు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ముదిగుబ్బకు దగ్గరనున్న మా సంఘ గ్రామములలో ఒకచోట భార్యాభర్తల తగవు వచ్చినది. వేరుశెనగ పంట ఎండిపోగా భర్త బెంగుళూరుకు కట్టడపు పనికి వెళ్లి, అక్కడనే వేరు సంసారము పెట్టుకొనెను. పెద్దమనుష్యులతో కలిసి మేమును పంచాయితీలో కూర్చుంటిమి. భర్త ఒక్కసారి కొంత సొమ్ము ఇచ్చునట్లును, ఇకమీదట భార్య గాని, తొమ్మిదేండ్ల కూతురు గాని ఏమియు అడుగకుండునట్లును కాగితము వ్రాయబడెను. తల్లి వేలిముద్ర వేసెను. మేము ప్రార్థన చేసి, సమాధానము కలిగినదని తలంచి ఇంటికి వచ్చితిమి. ఆ బిడ్డను మాత్రము ఎవరును ఒక్క మాటయైనను అడుగలేదు. మరుసటి సంవత్సరము ఆ పిల్ల బడి మాని కూలికి పోవుట చూచితిమి.

దుర్గాబాయమ్మ జీవితమును చదువునప్పుడెల్ల ఆ పిల్ల ముఖము మాకు కనబడును.

ఆమె 1909 జూలై 15 వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించెను. తండ్రి బులుసు రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆ కాలపు ఆచారము చొప్పున ఎనిమిదవ యేటనే ఆమెకు పెండ్లి చేసిరి. ఆ వయస్సు బిడ్డకు పెండ్లి యననేమో ఏమి తెలియును? పదునైదేండ్లు వచ్చి, తన మనస్సు తాను తెలిసికొనిన తరువాత, ఆ కాపురము తనకు తగదని చెప్పి విడిపోయెను. చిన్నబిడ్డల విషయమై పెద్దలు చేయు తీర్మానములు ఎంత భారమైనవో ఆమె తన బ్రతుకులోనే ఎరిగినది.

1923 లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖాదీ ప్రదర్శన ద్వారమునొద్ద ఆమెను వాలంటీరుగా నిలిపిరి. టికెట్టు లేనివారిని లోపలికి పోనీయకూడదని ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూగారు టికెట్టు లేక రాగా, ఆ పిల్ల ఆయనను సహా ఆపెను. టికెట్టు తెచ్చిన తరువాతనే పోనిచ్చెను. పెద్దవారికి ఒక న్యాయము, చిన్నవారికి ఒక న్యాయము అనునది ఆమె యెరుగదు.

1930 లో ఉప్పు సత్యాగ్రహములో చేరి, 1933 లోపల మూడు మారులు ఆమె చెరసాలకు వెళ్లెను. మధుర జైలులో ఒంటరి గదిలో ఉంచబడెను. అయితే ఆమె బ్రతుకును మలుపు త్రిప్పినది ఆ ఒంటరితనము కాదు; జైలులో చూచిన స్త్రీలే. చదువు లేక, చట్టము తెలియక, తమ పక్షమున సరిగా మాటలాడువారు లేక ఘోరమైన శిక్షలు అనుభవించుచున్న స్త్రీలను ఆమె అక్కడ కలిసికొనెను. వారి కథలను విని, తాను న్యాయశాస్త్రము చదివి ఇట్టివారికి రుసుము లేక సహాయము చేయవలెనని నిశ్చయించుకొనెను.

నిశ్చయించుకొనుట సులభమే. కాని ఆమె చిన్ననాటనే బడి విడిచినది. ఇరువదియేండ్లు దాటిన తరువాత తిరిగి పుస్తకము పట్టి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్ష వ్రాసెను. 1939 లో ఆంధ్ర విశ్వవిద్యాలయములో బి.ఏ. ఆనర్సు ముగించెను. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, 1942 లో అక్కడి హైకోర్టులో వకీలుగా చేరెను. ఈ మధ్యలోనే, 1937 లో, మద్రాసులో ఆంధ్ర మహిళాసభకు పునాది వేసెను. తనవలెనే చదువు ఆగిపోయిన ఆడపిల్లలను చేర్చుకొని పరీక్షలకు సిద్ధపరచెను. తాను నేర్చినది ఇంకొకరికి నేర్పకుండ ఆమె నిలువలేదు.

1946 లో ఆమె రాజ్యాంగ సభకు సభ్యురాలాయెను. 1952 ఎన్నికలలో ఓడిపోయెను. అందుకు క్రుంగక ప్రణాళికా సంఘములో పనిచేసెను. 1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షురాలాయెను. ఆ సంవత్సరమే చీనా దేశమునకు వెళ్లి, అక్కడి కుటుంబ న్యాయస్థానములను చూచెను. తిరిగి వచ్చి, మన దేశమునకును అట్టివి కావలెనని నెహ్రూగారితోను, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులైన చాగ్లాగారితోను, గజేంద్రగడ్కర్‌గారితోను మాటలాడెను. భార్యాభర్తల తగవును, బిడ్డల పోషణను పొలము గట్టు తగాదావలె విచారింపరాదని ఆమె ఎరుగును.

1975 లో ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ్ బిరుదు నిచ్చెను. 1981 మే 9 వ తేదీన ఆమె కన్నుమూసెను. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984 లో వచ్చెను. దావీదు మందిరమునకు కావలసినవి కూర్చిపెట్టగా సొలొమోను కట్టెను గదా! ఆమెయు అట్లే తాను చూడని దానికొరకు ప్రయాసపడెను.

ఆ న్యాయస్థానములో న్యాయాధిపతి మొదట ఇరుపక్షములను సమాధానపరచుటకు ప్రయత్నింపవలెను. సాంఘిక సేవచేయు సంస్థల సహాయమును తీసికొనవచ్చును. అక్కడ వకీలును పెట్టుకొనుట కక్షిదారునికి హక్కు కాదు. అవసరమైన యెడల న్యాయస్థానమే న్యాయశాస్త్రము తెలిసిన వానిని తనకు సహాయునిగా పిలుచుకొనును. ఇట్టిచోట ఎదుటివానిని మాటలతో పడగొట్టువాడు కాదు, తల్లి చెప్పునది విని, బిడ్డ చెప్పలేనిది గ్రహించువాడు కావలెను. ఆ నేర్పు పుస్తకములో దొరకదు.

కనుకనే 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము, న్యాయకళాశాలలలో న్యాయసహాయ కేంద్రములను ప్రోత్సహింపవలెనని చెప్పుచున్నది. వైద్య విద్యార్థి రోగి మంచము చెంత నేర్చుకొనునట్లు, న్యాయ విద్యార్థి కష్టములోనున్న కుటుంబము చెంత నేర్చుకొనవలెను. వకీలుగా నమోదు కాకమునుపు వారు కోర్టులో వాదింపరాదు. కాని ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పల్లెలకు వెళ్లి, చెప్పునది ఓపికతో విని, అర్జీలు వ్రాసి, హక్కులను తెలియజెప్పవచ్చును. దుర్గాబాయమ్మ జైలు గోడలనడుమ నేర్చిన మొదటి పాఠము ఇదే: మాటలాడకమునుపు వినుట.

ఇప్పుడు మా గ్రామపు సంగతికి తిరిగి వత్తము. మా సంఘములోని యొక యౌవనుడు న్యాయశాస్త్రము చదువుచు సెలవులకు వచ్చి, ఆ పంచాయితీ కాగితమును చూచెను. తల్లి వేసిన వేలిముద్ర బిడ్డ పోషణ హక్కును తుడిచివేయజాలదని మాకు వివరించెను. మాకు సిగ్గు కలిగినది. అతడు ఆ పిల్ల ప్రక్కన నేలమీద కూర్చుండి, ఏమి చదువవలెనని యున్నదో అడిగెను. అప్పటివరకు మేము అడుగని ప్రశ్న అదే. పిమ్మట తల్లిని న్యాయసేవల కార్యాలయమునకు తీసికొనిపోగా, వారు రుసుము లేక వకీలును ఏర్పాటు చేసిరి. కొన్ని వాయిదాల తరువాత నెలనెలా కొంత సొమ్ము ఇయ్యవలెనని తండ్రికి ఉత్తరువాయెను. ఒక్కొక్క నెల ఆలస్యమగుచున్నను సొమ్ము వచ్చుచున్నది. పిల్ల తిరిగి బడికి పోవుచున్నది. పోయిన సంవత్సరపు చదువు మాత్రము తిరిగి రాలేదు. అది మా లెక్కలో నున్నది.

సంఘస్థులారా, స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. 15100 అను నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. బిడ్డలకు ఆపద కలిగినప్పుడు 1098 కి చెప్పవలెను. ఈ రెండు నంబర్లను మీ ఇంటి గోడమీద వ్రాసియుంచుడి.

సంఘ పెద్దలారా, సమాధానపరచువారము కావలసినదే. కాని బిడ్డ నోటి అన్నము తీసి చేసిన సమాధానము సమాధానము కాదు. ఇకమీదట మా సంఘ గ్రామములలో ఏ కుటుంబపు తగవు వచ్చినను, కాగితము వ్రాయకమునుపు బిడ్డను అడుగుదుమనియు, చట్టము తెలిసినవారికి చూపుదుమనియు మేము తీర్మానించుకొంటిమి. మీరును అట్లే చేయుడి.

చదువుకొను మన కుమారులారా, కుమార్తెలారా, మీలో ఒకరైనను న్యాయశాస్త్రము చదువుడి. చదివి పట్టణముననే నిలిచిపోక, సెలవులకైనను ఊరికి రండి. ఇక్కడ వేలిముద్ర వేయుటకు చెయ్యి చాపుచున్న తల్లులు ఇంకను ఉన్నారు. ఆ చెయ్యిని ఒక్క నిమిషము ఆపి, ఆ కాగితములో ఏమున్నదో చదివి చెప్పువారు వారికి కావలెను.