పరదేశమున రామానుజముగారి తొలిదినములు

శ్రీనివాస రామానుజముగారి పేరు వినని విద్యార్థి మనలో నుండడు. వారి గణితసిద్ధాంతములను వివరించుటకు మేము సమర్థులము కాము. విద్యకై సముద్రము దాటిన ఆ మహనీయులు పరదేశమున నివసించుట కెట్లు అలవాటుపడిరో, ఎచ్చట నిబ్బందిపడిరో ఆ సంగతిని మాత్రమే యిచ్చట వ్రాయుచున్నాము.

వారు 1887 వ సంవత్సరము డిశంబరు 22 వ తేదీన ఈరోడులో జన్మించి, కుంభకోణమున పెరిగిరి. గణితము తప్ప తక్కిన పాఠముల నుపేక్షించుటచే కళాశాల పరీక్షలలో తప్పిరి. పేదరికమున నున్న ఆ దినములలో నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావుగారు కొంతకాలము వారిని పోషించిరి. 1912 లో చెన్నపురి పోర్టుట్రస్టు ఆఫీసున నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరిరి. 1913 జనవరిలో తాము కనుగొనిన ఫలితములను కేంబ్రిడ్జి పండితులగు హార్డీగారికి వ్రాసి పంపిరి. హార్డీగారు వాని విలువను గ్రహించి ఇంగ్లండునకు రావలసినదని కోరిరి. సముద్రయానము ఆచారవిరుద్ధమను శంకచే రామానుజముగారు మొదట సమ్మతింపలేదు. 1914 ఆరంభమున ఉపన్యాసములకై చెన్నపురికి వచ్చిన నెవిల్‌గారు మరల అడుగగా నొప్పుకొనిరి. చెన్నపురి విశ్వవిద్యాలయమువారు ఏటికి 250 పౌనుల వేతనమును, ఓడ ఖర్చును ఇచ్చిరి. కుంభకోణమున నున్న తల్లికి నెలకు 60 రూపాయలు చేరునట్లు ఏర్పాటు జరిగెను.

రామానుజముగారు శిఖను తీయించుకొని, భార్యను స్వదేశమున విడిచి, ఆ యేటి మార్చి 17 న నెవాసా అను ఓడ నెక్కి ఏప్రిలు 14 న లండను చేరిరి. నెవిల్‌గారు ఎదురువచ్చి, కొలది దినములకే వారిని కేంబ్రిడ్జిలోని తమ యింటికి గొనిపోయి, కొంతకాలము ఆదరముతో నుంచుకొనిరి. అచ్చట నున్నంతవరకు వారికి కొరత లేకుండెను. పిదప ట్రినిటీ కళాశాలకు చెందిన గదులలోనికి మారిరి. కష్టములు అప్పుడు మొదలాయెను.

వారు శాకాహారులు. కళాశాల వంటశాలలోని భోజనము వారికి సరిపడలేదు. కావున తమ గదిలోనే స్వయముగా వండుకొనసాగిరి. చింతపండు మొదలగు వస్తువులు చెన్నపురినుండి రావలసియుండెను. బూట్లు పాదములను నొప్పించుచుండుటచే గదిలో చెప్పులే తొడుగుకొనెడివారు. గణితమున మునిగినప్పుడు భోజనమునకును నిద్రకును వేళ యుండెడిది కాదు. ఆగస్టు 4 న ఇంగ్లండు యుద్ధమునకు దిగెను. అటుపిమ్మట కావలసిన పదార్థములు దొరకుట మరింత దుర్లభమాయెను.

ఆ కాలమున కేంబ్రిడ్జిలో ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు విద్యార్థిగా నుండిరి. 1931 లో భారతీయ గణాంకశాస్త్ర సంస్థను స్థాపించినవారు వీరే. ఒకనాడు వీరు రామానుజముగారిని చూడవచ్చి, రాత్రులయందు వెచ్చగా నుండుచున్నదా యని అడిగిరి. ఓవరుకోటు తొడిగి, శాలువ కప్పుకొని పరుండినను చలి తీరుటలేదని రామానుజముగారు తెలిపిరి. మహలనోబిసుగారు పడకగదిలోనికి పోయి చూచిరి. మంచముపై కావలసినన్ని కంబళ్లు అంచులు బిగించి పరచియుండెను. వానిపై నొక దుప్పటి కప్పబడియుండెను. రామానుజముగారు ఆ దుప్పటిమీదనే పరుండుచుండిరి! పైదానిని తొలగించి కంబళ్లనడుమ దూరి పరుండవలెనని వారికి తెలియదు. మిత్రుడు చూపిన పిమ్మట తెలిసెను.

ఈ వృత్తాంతము విని నవ్వువారు కలరు. మాకు నవ్వు రాలేదు. చాపపై పరుండి పెరిగినవారికి ఆ పడక మర్మ మెట్లు తెలియును? పక్క పరచినవారు ఇది అందరు నెరిగినదే యని తలచియుందురు. రామానుజముగారు ఆ దేశపు చలి భరింపవలసినదే యని తలచియుందురు. నిత్యము సిద్ధాంతములను గూర్చి ప్రసంగించు పండితులకు ఆ పడకను చూడవలెనని తోచియుండదు.

తరువాత వారి కీర్తి విస్తరించెను. 1916 లో కేంబ్రిడ్జి బి. ఏ. పట్టమును, 1918 లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ కళాశాల ఫెలో పదవిని పొందిరి. అయితే 1917 లోనే వ్యాధిగ్రస్తులైరి. 1919 లో స్వదేశమునకు మరలివచ్చి, 1920 ఏప్రిలు 26 న చెన్నపురిలో ముప్పదిరెండేండ్ల ప్రాయమున పరమపదించిరి. నాటి వైద్యులు క్షయ యని తలచిరి. కాలేయమునకు సంబంధించిన వ్యాధియై యుండవచ్చునని ఇటీవలి వైద్యులు కొందరు ఊహించిరి. చలియే కారణమని మేము చెప్పజాలము. కాని ఆహారనిద్రల లోపము ఆ దేహమునకు మేలు చేసియుండదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు దూరదేశములకు పోవుదురు. తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడకుడు. రామానుజమంతటి మేధావికిని ఒకరు చూపవలసివచ్చెను. తల్లిదండ్రులారా! బిడ్డలను దూరమునకు పంపునప్పుడు పుస్తకములతోపాటు అన్నము వండుకొనుటయు, ఒంటిని కాపాడుకొనుటయు నేర్పి పంపుడు. ఇక వసతిగృహమునకు క్రొత్త బాలుడు వచ్చినప్పుడు, అతని మార్కుల నడుగుటకు ముందు, రాత్రి నిద్రపట్టినదా యని అడుగుదము. అవసరమైనచో అతని గదిలోనికి పోయి చూతము. దుప్పటి నెత్తి చూపుటకు ఒక్క క్షణము చాలును.