గాలికి కొలత కట్టిన రాబర్ట్ బాయిల్

తాండవ నది ఒడ్డున, తునికి ఎదురుగా ఉన్న పాయకరావుపేట మీదుగా జాతీయ రహదారి సాగిపోతుంది. అటువంటి ఊళ్లలో సైకిల్ దుకాణం ముందు గాలి పంపుతో ఆడుకోని పిల్లవాడు అరుదు. పంపు కొనను బొటనవేలితో గట్టిగా మూసి, పిడిని నొక్కితే అది కొంతదూరమే దిగుతుంది. చేయి సడలించగానే తిరిగి పైకి లేస్తుంది. లోపల ఇనుప స్ప్రింగు ఏదీ లేదు. ఉన్నది గాలి ఒక్కటే. కంటికి కనిపించని గాలికి ఆ బలం ఎక్కడిది? ఎంత నొక్కితే అది ఎంత ఎదురు నెడుతుంది? ఈ ప్రశ్నకు అంకెలతో సమాధానం చెప్పినవాడు రాబర్ట్ బాయిల్. విద్యార్థులకు ఆయన పేరు ఒక నియమంగానే పరిచితం. కాని ఆ నియమం వెనుక ఒక నిర్మలమైన జీవితం ఉంది.

బాయిల్ 1627 జనవరి 25న ఐర్లండ్‌లోని లిస్మోర్ కోటలో జన్మించాడు. తండ్రి కార్క్ ప్రభువు రిచర్డ్ బాయిల్, ఆనాటి మహాసంపన్నులలో ఒకడు. ఆయన సంతానంలో రాబర్ట్ పద్నాలుగవవాడు. ఆగర్భ శ్రీమంతుడైనా అతని బాల్యం వడ్డించిన విస్తరి కాదు. మూడేళ్ల వయసులోనే తల్లి మరణించింది. చిన్ననాడు వచ్చిన నత్తి జీవితాంతం వీడలేదు. ఎనిమిదేళ్ల వయసులో ఈటన్ పాఠశాలలో చేరాడు. పన్నెండేళ్లకే అన్నతోను, గురువుతోను కలిసి ఐరోపా యాత్రకు బయలుదేరాడు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఉన్నప్పుడు గెలీలియో గ్రంథాలు చదివాడు. 1642 జనవరిలో, ఆ నగర సమీపంలోనే గెలీలియో కన్నుమూశాడు. ప్రకృతిని ప్రయోగంతోను, కొలతతోను ప్రశ్నించాలన్న ఆలోచన ఆ యువకుని మనసులో నాటుకొంది.

ఇంతలో ఐర్లండ్‌లో తిరుగుబాటు చెలరేగి ఇంటి నుండి డబ్బు రావడం ఆగిపోయింది. 1643లో తండ్రి మరణించాడు. మరుసటి సంవత్సరం ఇంగ్లండుకు చేరుకొన్న బాయిల్‌కు లండన్‌లో అక్క కేథరిన్ ఆశ్రయమిచ్చింది. విదుషీమణి అయిన ఆమె ఇంటికి పండితులు వస్తూ ఉండేవారు. ఆ సాంగత్యం బాయిల్ జ్ఞానతృష్ణను పెంచింది. తరువాత కొంతకాలం తండ్రి ఇచ్చిన ఎస్టేటులో గడిపి, 1650ల మధ్యలో ఆక్స్‌ఫర్డుకు మకాం మార్చాడు.

ఆ రోజులలో జర్మనీకి చెందిన ఓటో వాన్ గెరిక్ ఒక పాత్రలోని గాలిని తోడివేసే పంపు నిర్మించాడన్న వార్త 1657లో అచ్చయిన ఒక గ్రంథం ద్వారా బాయిల్‌కు చేరింది. అయితే దానిని నడపడం శ్రమతో కూడిన పని. లోపల వస్తువును ఉంచి పరిశీలించే వీలూ లేదు. బాయిల్ అంతకంటె మెరుగైన పంపును తయారుచేయించ దలచాడు. ఆ భారాన్ని వహించినవాడు రాబర్ట్ హుక్ అనే పేద విద్యార్థి. వయసు ఇరవై దాటి కొద్ది సంవత్సరాలే అయినా యంత్రరచనలో అతనిది అందెవేసిన చేయి.

1659 నాటికి పంపు సిద్ధమైంది. పైన పెద్ద గాజు బుడ్డి, దాని కింద ఇత్తడి సిలిండర్, అందులో తోలు తొడిగిన పిస్టన్. పళ్ల కడ్డీ, పళ్ల చక్రం సాయంతో పిడి తిప్పితే పిస్టన్ కిందికి దిగి, బుడ్డిలోని గాలిని కొంచెం కొంచెంగా లాగివేసేది. అందులో పెద్ద చిక్కు గాలి చొరబడడం. పిస్టన్‌కు, సిలిండర్ గోడకు నడుమ వెంట్రుకవాసి సందున్నా శ్రమ వృథా అయ్యేది. ఆ సందులు మూసుకొనడానికి నూనె పోసేవారు. పంపు పూర్తిగా గాలి చొరని యంత్రం కాదని బాయిల్ తన గ్రంథంలో దాచకుండా రాశాడు. విఫలమైన ప్రయోగాలను సైతం వివరించాడు. హుక్ పేరును, అతని శ్రమను స్పష్టంగా పేర్కొన్నాడు.

కొద్దిగా గాలి నింపి మూతి కట్టిన గొర్రెపిల్ల మూత్రాశయాన్ని బాయిల్ గాజు బుడ్డిలో ఉంచాడు. చుట్టూ ఉన్న గాలిని తోడుతున్నకొద్దీ ముడుచుకొని ఉన్న ఆ తిత్తి ఉబ్బసాగింది. వెలుపలి ఒత్తిడి తగ్గగా లోపలి గాలి వ్యాపించింది. అణచి ఉంచిన స్ప్రింగు వదలగానే సాగినట్లు గాలికీ స్థితిస్థాపకత ఉన్నదని ఆయన నిశ్చయించాడు. ఈ ప్రయోగాల గ్రంథం 1660లో వెలువడింది.

గ్రంథం వెలువడగానే విమర్శలు వచ్చాయి. తత్త్వవేత్త థామస్ హాబ్స్ ఆ పద్ధతినే ఆక్షేపించాడు. ఫ్రాన్సిస్ లైనస్ అనే మతాచార్యుడు గాలికి అంత బలం లేదన్నాడు. గాజు గొట్టంలో పాదరసాన్ని నిలబెట్టేది గాలి ఒత్తిడి కాదని, కనిపించని ఒక తంతువు దానిని పైనుండి లాగి పట్టుకొంటుందని వాదించాడు. బాయిల్ దూషణకు దిగలేదు. వాదాన్ని కొలబద్ద ముందు నిలిపాడు.

ఒక కొన మూసి ఉన్న వంపు గాజు గొట్టం తెప్పించాడు. మొదటి గొట్టం పగిలిపోయింది. రెండవది గదిలో పట్టనంత పొడవైనది కావడంతో దానిని మెట్ల దగ్గర నిలబెట్టారు. పగిలితే పాదరసం పోకుండా అడుగున చెక్కపెట్టె ఉంచారు. మూసిన పొట్టి కొమ్మలో గాలి ఉంది. తెరచిన పొడవాటి కొమ్మలో పాదరసం పోస్తూ లోపలి గాలి ఎంత కుంచించుకొంటుందో చూశారు. గాలి 48 భాగాల చోటు ఆక్రమించినప్పుడు దానిపై ఒత్తిడి, వాతావరణ పీడనంతో సమానంగా, సుమారు 29 అంగుళాల పాదరసం. 24 భాగాలకు కుంచించినప్పుడు దాదాపు 59 అంగుళాలు. 12 భాగాలకు వచ్చేసరికి దాదాపు 118 అంగుళాలు. ఒక్కొక్క జతను గుణించి చూస్తే ఫలితం ప్రతిసారీ 1400కు దగ్గరగానే ఉంది. చోటు సగమైతే ఒత్తిడి రెట్టింపు. స్థిర ఉష్ణోగ్రత వద్ద వాయువు పీడనం దాని ఘనపరిమాణానికి విలోమానుపాతంలో ఉంటుందన్న బాయిల్ నియమం 1662లో ఈ విధంగా లోకానికి అందింది. ఈ సంబంధాన్ని తనకు సూచించినవాడు రిచర్డ్ టౌన్లీ అని చెప్పడం బాయిల్ మరువలేదు.

సిలిండర్, పిస్టన్‌ల కథ అక్కడితో ఆగలేదు. లోహపు స్ప్రింగుల నియమాన్ని 1678లో హుక్ ప్రకటించాడు. బాయిల్ వద్ద సహాయకుడిగా పనిచేసిన డెనిస్ పాపిన్, ఆవిరితో సిలిండర్‌లో పిస్టన్‌ను కదిలించే విధానాన్ని 1690లో వివరించాడు. నేడు కారు వెనుక తలుపును ఎత్తి నిలిపే సన్నని గొట్టం వాయు స్ప్రింగు. అందులో అధిక పీడనం గల నత్రజని ఉంటుంది. పిస్టన్‌కు సన్నని రంధ్రం ఉండడం వల్ల ఇరువైపులా పీడనం సమానమే. కాని ఒకవైపు కడ్డీ ఆక్రమించినంత మేర వాయువు తాకదు. ఆ మేరకు మిగిలిన బలమే కడ్డీని బయటికి నెడుతుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ అయితే, లోపల వాతావరణ పీడనానికి నూరు రెట్లు ఉన్నప్పుడు, సుమారు 50 కిలోల బరువును మోయగలదు. కడ్డీ లోపలికి చొచ్చి వాయువు చోటును అయిదవ వంతు తగ్గిస్తే పీడనం నాలుగవ వంతు పెరుగుతుంది. ఇది బాయిల్ నియమమే. స్ప్రింగుకు బలం ఒక్కటే చాలదు, నిదానమూ కావాలి. వాయువు, నూనె సన్నని రంధ్రం గుండా మెల్లగా ప్రవహించడం వల్ల కుదుపు అణగిపోతుంది. దీనినే అవరుద్ధనం అంటారు. మోటారు సైకిల్ గతుకులలో ఎగిరెగిరి పడకుండా కాపాడేది ఇదే. గాలి చొరబడకూడదన్న హుక్ నాటి చిక్కు, వాయువు వెలికిపోకూడదన్న రూపంలో ఈ పరికరాలను రూపొందించేవారికి నేటికీ ఉంది.

బాయిల్ రాయల్ సొసైటీ స్థాపకులలో ఒకడు. 1680లో అధ్యక్ష పదవి వరించి వచ్చినా, అందుకు చేయవలసిన ప్రమాణం తన మనస్సాక్షికి సమ్మతం కానందున దానిని స్వీకరించలేదు. 1668 నుండి లండన్‌లో అక్క ఇంటనే నివసించాడు. 1670లో పక్షవాతం సోకినా పరిశోధన మానలేదు. చూపు మందగించగా ఇతరులచేత రాయించాడు. 1691 డిసెంబరులో అక్క మరణించింది. ఆ వియోగం తరువాత వారం రోజులకే బాయిల్ కూడా తనువు చాలించాడు.

తన యంత్రంలోని లోపాన్ని తానే చెప్పుకొన్న నిజాయితీ, తోడ్పడిన వారి పేరు మరువని కృతజ్ఞత, ప్రతివాదికి కొలతతోనే బదులిచ్చిన సంయమనం బాయిల్ సుగుణాలు. ఆయన నియమాన్ని సూత్రంగా వల్లించే విద్యార్థి, ఒక్కసారి పంపు కొనను బొటనవేలితో మూసి, పిడిని నొక్కి చూడాలి. మూడున్నర శతాబ్దాల నాటి ఆ సత్యం అతని అరచేతికి తెలుస్తుంది.