డార్విన్ గారింటి జిగురు మొక్క

డార్విన్ అనగానే మనకి రెండే గుర్తొస్తాయి. ఒకటి తెల్ల గడ్డం ఫోటో. రెండోది, కోతి నుంచి మనిషి వచ్చాడా లేదా అని ఫ్యామిలీ గ్రూపుల్లో జరిగే గొడవ. ఇంకొంచెం చదివినవాళ్లకి బీగిల్ ఓడ, గాలాపాగోస్ దీవులు కూడా తెలుసు. నాకు నచ్చిన డార్విన్ వేరే. ఓడ దిగి, పెళ్లయి, పిల్లలు పుట్టి, ఒంట్లో బాగోక ఇల్లు కదలకుండా కూర్చుని, ఒక చిన్న మొక్కకి గుడ్డు ముక్కలు తినిపించిన మనిషి. ఆయన గురించే రాస్తున్నా.

1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. నాన్న డాక్టరు. కొడుకు కూడా డాక్టర్ అవ్వాలని ఎడిన్‌బరో పంపించాడు (బైపీసీ కథ అక్కడా ఉంది, చూశారా). అబ్బాయికి ఆపరేషన్లు చూస్తేనే కళ్లు తిరిగాయి. పోనీ చర్చి ఫాదర్ అవుతాడులే అని కేంబ్రిడ్జ్ పంపిస్తే, అక్కడ పేడపురుగులూ పెంకుపురుగులూ ఏరుకుంటూ తిరిగాడు. 1831లో బీగిల్ ఎక్కాడు, 1836లో దిగాడు. 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ని చేసుకున్నాడు. ఆవిడ సొంత మేనమామ కూతురే. అంటే మన లెక్కలో పక్కా మేనరికం. 1842లో లండన్ వదిలేసి కెంట్‌లోని డౌన్ అనే పల్లెకి మారిపోయారు. చివరిదాకా అదే ఇల్లు.

ఓడ దిగిన కొద్ది ఏళ్లకే జబ్బు మొదలైంది. వాంతులు, గుండెదడ, నీరసం. మంచి రోజుల్లో కూడా మూడు, నాలుగు గంటలకి మించి పని చేయలేకపోయేవాడు. డాక్టర్లు మారారు, చన్నీళ్ల వైద్యం కూడా చేయించుకున్నాడు. ఏ డాక్టరూ ఆ జబ్బుకి గట్టిగా ఒక పేరు పెట్టలేకపోయాడు. ఇప్పటికీ దాని మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

ఇది చదివినప్పుడు నేను ఒక నిమిషం ఆగిపోయాను. మాది కాశీబుగ్గ. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా ఎవరూ ఖాయంగా చెప్పలేదు. నీళ్లు అన్నారు, ఎండలో పని అన్నారు, మందులు అన్నారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, రీసెర్చ్ సెంటర్ వచ్చింది, కారణం మాత్రం ఇంకా తేలలేదు. మా పెదనాన్న డయాలసిస్‌కి వెళ్లొచ్చిన రోజు మంచం మీద నుంచి లేవడు. మర్నాడు కాస్త ఓపికొస్తే మాత్రం జీడితోట లెక్కలన్నీ ముందేసుకుని కూర్చుంటాడు. ఉన్న రెండు గంటల ఓపికని మనిషి దేనికి ఖర్చు పెడతాడు అన్న ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు.

డార్విన్ దేనికి ఖర్చు పెట్టాడో చూద్దాం. 1859 నవంబరులో జాతుల పుట్టుక మీద ఆయన పుస్తకం వచ్చింది. 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో దాని మీద పెద్ద రభస జరిగింది. ఆ రోజు డార్విన్ అక్కడ లేడు, చన్నీళ్ల వైద్యంలో ఉన్నాడు. ఆ వేసవిలోనే ససెక్స్‌లోని హార్ట్‌ఫీల్డ్‌లో చుట్టాలింటికి వెళ్లాడు. ఆ ఊరి పక్క సారంలేని చిత్తడి నేలలో సన్‌డ్యూ మొక్కలు కనిపించాయి. రూపాయి బిళ్లంత గుండ్రటి ఆకులు, వాటి మీద ఎర్రటి వెంట్రుకల్లాంటి టెంటకిల్స్, ఒక్కోదాని కొసన మంచు బొట్టులా మెరిసే జిగురు. ఆ జిగురుకి పురుగులు అంటుకుంటాయని అంతకుముందే తెలుసు. డార్విన్ ఏం చేశాడంటే, చేతికందిన పన్నెండు మొక్కలు పీకి ఆకులు లెక్కపెట్టాడు. పూర్తిగా విచ్చుకున్నవి 56. వాటిలో 31 ఆకుల మీద చచ్చిన పురుగులో, వాటి అవశేషాలో ఉన్నాయి. సగం కంటే ఎక్కువ! ఇది యాదృచ్ఛికం కాదు అనిపించింది ఆయనకి.

మొక్కల్ని ఇంటికి తెచ్చాడు. అక్కణ్నుంచి ఇక అదే పిచ్చి. ఆ శరదృతువులో కూతురు హెన్రియెట్టా ఆరోగ్యం కోసం ఈస్ట్‌బోర్న్‌లో సముద్రం ఒడ్డున ఉన్నప్పుడు కూడా అదే పని. ప్రపంచమంతా ఆయన పుస్తకం గురించి కొట్టుకుంటుంటే, ఆయన మాత్రం తన స్నేహితుడు లయల్‌కి, లోకంలోని జాతులన్నిటి పుట్టుక కంటే ఇప్పుడు నాకు ఈ మొక్కే ముఖ్యం అన్న అర్థంలో ఉత్తరం రాశాడు. ఎమ్మా కూడా ఒక ఉత్తరంలో, ఈయన ఈ మొక్కని ప్రాణమున్న జీవిలా చూస్తున్నాడు, చివరికి జంతువని నిరూపిస్తాడేమో అని ఆటపట్టించింది.

ప్రయోగాలకి కావలసిన సరుకు చాలావరకు వంటింట్లోనే దొరికింది. పాలు, పచ్చి మాంసం, గుడ్డు తెల్లసొన, ఉమ్మి, ఆఖరికి మూత్రం కూడా. ఇవి ఒక జట్టు. చక్కెర నీళ్లు, గంజి, బంక, ఆలివ్ నూనె, టీ డికాక్షన్ ఇంకో జట్టు. మొదటి జట్టులో నైట్రోజన్ ఉంది, రెండోదాంట్లో లేదు, లేదా లెక్కలోకి రానంత తక్కువ. రెండో జట్టు చుక్కలు 61 ఆకుల మీద వేస్తే ఒక్కటి కూడా కదల్లేదు. మొదటి జట్టు 64 ఆకుల మీద వేస్తే 63 ముడుచుకున్నాయి. మన ఎంఎల్ ల్యాబ్‌లో ఇంత శుభ్రమైన డేటా వస్తే సార్ అనుమానిస్తారు.

ఆ మొక్క ఉండే బురదలో నైట్రోజన్ దాదాపు దొరకదు. అందుకే దాన్ని పురుగుల నుంచి లాక్కుంటుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొనని చిన్న ఘనాలుగా కోసి ఆకు మీద పెడితే, ముందు అంచులు గుండ్రబడి, తర్వాత మొత్తం కరిగిపోయింది. సోడా పొడి నీళ్లతో ఆమ్లాన్ని చంపేస్తే అరగడం ఆగింది. కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే మళ్లీ మొదలైంది. అంటే మన కడుపులో జరిగేదే ఆకు మీద, బయట, అందరూ చూస్తుండగా జరుగుతోందన్నమాట.

నాకు బాగా నచ్చింది వెంట్రుక ప్రయోగం. పొడవాటి తల వెంట్రుకని ల్యాబ్‌లో తూయించి, దాన్నిబట్టి చిన్న ముక్కల బరువు లెక్కగట్టాడు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు కూడా లేని ముక్కని టెంటకిల్ కొస మీద పెడితే అది వంగింది. మన నాలుక మీద పెడితే మనకి తెలియదు. అంత సున్నితమైన మొక్క మీద జోరున వాన కురిసినా కదలదు. పనికిరాని సిగ్నల్‌ని వదిలేయడం దానికి తెలుసు. ఇక అమ్మోనియం ఫాస్ఫేట్ అయితే గ్రెయిన్‌లో సుమారు రెండు కోట్లో వంతు చాలు. ఈ అంకె చూసి డార్విన్‌కే నమ్మబుద్ధి కాలేదు. అంతే అనుమానంతో ఉన్న ఇద్దరు కొడుకుల్ని పిలిచి, నీళ్లలో ముంచిన ఆకుల్నీ మందులో ముంచిన ఆకుల్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. వాళ్లు తేడా ఉందని ఒప్పుకున్నాకే పుస్తకంలో పెట్టాడు. భారత్‌లో పనిచేసిన ఫేరర్ అనే డాక్టర్ ద్వారా నాగుపాము విషం కూడా తెప్పించి వేశాడు. మొక్క చావలేదు సరికదా, టెంటకిల్స్ ఇంకా హుషారుగా వంగాయి.

వీనస్ ఫ్లైట్రాప్ కూడా ఆయనకి చాలా ఇష్టం. ఆకు మూసుకోవడం చూసి ఇందులో నరాల్లాంటిదేదో ఉందనుకుని, బర్డన్ శాండర్సన్ అనే శాస్త్రవేత్తని కొలవమన్నాడు. 1873లో ఆయన నిజంగానే ఆకులో విద్యుత్ సిగ్నల్ పట్టుకున్నాడు.

మా ఇంట్లో కిటికీ దగ్గర ఒక సన్‌డ్యూ ఉంది. పీట్, ఇసుక కలిపిన చిన్న కుండీ, కింద నీళ్ల పళ్లెం. ఎరువు వేయకూడదు, బోరు నీళ్లు పోయకూడదు, అందులోని లవణాలకి వేళ్లు చచ్చిపోతాయి. వాన నీళ్లు గానీ, టీడీఎస్ 50 లోపు ఉన్న ఆర్వో నీళ్లు గానీ పోయాలి. మేం కూడా క్యాన్ నీళ్లే తాగుతాం కాబట్టి మా ఇంట్లో మనుషులకీ దానికీ ఒకటే నీరు. చీమనో దోమనో పెడితే చాలు, మాంసం పెద్ద ముక్క వేస్తే ఆకు కుళ్లిపోతుంది. శనివారం నీచు ముట్టని మా ఇంట్లో శనివారం కూడా దోమ తినేది అదొక్కటేనని మా అమ్మ అంటుంది. పెదనాన్న వచ్చినప్పుడు దాని ముందే కుర్చీ వేయించుకుని, ఇది ఎప్పుడు మూసుకుంటాదిరా అని ఓపిగ్గా కూర్చుంటాడు.

డార్విన్ ఓపిక దీనికంటే పెద్దది. 1860లో మొదలుపెట్టిన పని, మధ్యలో వేరే పుస్తకాలు రాసి, మళ్లీ 1872లో పట్టుకుని, 1875 జూలైలో కీటకాహార మొక్కల పుస్తకంగా బయటపెట్టాడు. పదిహేనేళ్లు! అయినా అందులో ఒక ఖాళీ ఉండిపోయింది. మొక్క పురుగుని అరిగించుకుంటుంది, సరే. తిన్న మొక్క తినని మొక్క కంటే బాగుంటుందా? దానికి సాక్ష్యం లేదని కొందరు వాదించారు.

1876లో కొడుకు ఫ్రాన్సిస్ భార్య, బిడ్డని కన్న కొద్ది రోజులకే చనిపోయింది. ఫ్రాన్సిస్ పసివాణ్ని తీసుకుని తండ్రి ఇంటికి వచ్చేశాడు. మరుసటి ఏడు సూప్ ప్లేట్లలో సన్‌డ్యూ మొక్కలు నాటి, ప్రతి ప్లేటుకీ మధ్యలో అడ్డం పెట్టాడు. ఒక సగానికి వేయించిన మాంసం తునకలు, రెండో సగానికి ఏమీ లేదు. 1878లో ఫలితం వచ్చింది. తిన్న మొక్కలు కాసిన గింజలు రెండింతలకి పైనే.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న, 73 ఏళ్ల వయసులో అదే ఇంట్లో పోయాడు. 1888లో కీటకాహార మొక్కల పుస్తకం రెండో ముద్రణని ఫ్రాన్సిసే సరిచూసి, తండ్రి వదిలిన ఖాళీలో ఆ గింజల లెక్క కలిపాడు.